ఎనిమిది జోడీలు

మనుషుల్ని లెక్కపెట్టడం కాంతమ్మకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్లు మట్టిపనికి పోయిన మనిషి. తెల్లవారి లారీ ఎక్కేముందు మేస్త్రీ లెక్కపెడుతుంటే వినీ వినీ ఆ లెక్క ఆమెకు ఒంటపట్టింది. మేస్త్రీ లెక్కలో మనుషులుండరు, జోడీలుంటాయి. గడ్డపార పట్టే మొగుడూ తట్ట మోసే పెళ్లామూ కలిస్తే ఒక జోడి. అందుకే ఆ శనివారం పొద్దున ఎర్రగుండ్ల గేటు దగ్గర జనం బస్సు దిగుతుంటే, ఎవరూ అడక్కుండానే ఆమె వేళ్లు కొంగు చాటున కదిలాయి.

ఎర్రగుండ్ల అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఉన్న ఊరు. అక్కణ్ణుంచి అడవిలో రెండు గంటలు ఎక్కితే గట్టు కొస వస్తుంది. కొసన నిలబడితే కింద రెండు కొండల నడుమ కృష్ణ కనబడుతుంది. దాన్ని చూడ్డానికి బస్తీల వాళ్లు డబ్బిచ్చి మరీ నడుస్తారంటే మొదట్లో ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. పనిలేనోళ్ల పని అని నవ్వారు. ఇప్పుడు ఆ నవ్వినవాళ్లే సంఘం పెట్టుకుని వారానికి రెండుసార్లు నడిపిస్తున్నారు. ముందు శ్రవణ్ కుమార్ నడుస్తాడు. డిగ్రీ చదివిన పిల్లవాడు, చెట్ల పేర్లూ పిట్టల పేర్లూ చెబుతాడు. అందరికంటే వెనక కాంతమ్మ నడుస్తుంది. ఆమె ఏమీ చెప్పనక్కర్లేదు.

"నీ వెనక అడివే ఉండాలె, మనిషి ఉండొద్దు. గంతే నీ పని" అని సంఘం మేనేజరు నిరంజన్ మొదటిరోజే చెప్పాడు. నెల రోజులు పని చూసి పక్కా చేస్తానన్నాడు. ఆ నెల సోమవారంతో నిండుతుంది.

బస్సు దిగినవాళ్లలో వనపర్తి నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి, గద్వాల బ్యాంకులో పనిచేసే బావాబావమరుదులు, ఒక తల్లీకూతురూ, ఒకే రంగు టోపీలు పెట్టుకున్న ఇద్దరు కాలేజీ పిల్లలూ ఉన్నారు. మొగుడూపెళ్లాలు కాకపోయినా సరే, కాంతమ్మ వాళ్లను ఇద్దరిద్దరు చేసేసుకుంది. ఎనిమిది జోడీలు తేలాయి. చివర ఒక ఆడమనిషి దిగింది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, కాళ్లకు కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డసంచి. అయిజలో టీచరట.

"మీతోని ఎవరు రాలేదా మేడమ్?" అని కొత్త పెళ్లికూతురు జాలిగా అడిగింది.

"నేనొచ్చిన గద" అంది టీచరు.

శ్రవణ్ కాయితంలో పేర్లకు టిక్కులు పెట్టి పదిహేడు అన్నాడు. నడక మొదలైంది.

సగం దారి బాగానే సాగింది. మూడు రాళ్ల దగ్గర దారి నిటారుగా లేస్తుంది. అక్కడ టీచరు వెనకబడింది. కుడి మోకాలు పట్టుకుని నిలబడి, మళ్లీ రెండడుగులు వేసి, మళ్లీ నిలబడింది. పైన శ్రవణ్ గొంతు దూరమైపోతోంది. కాంతమ్మ పైకి చూసింది, టీచరు మోకాలి వైపు చూసింది.

"టీచరమ్మ, నీకు పైకి ఎక్కరాదు. గిక్కడ కూసొ. మల్ల మేము గీ తొవ్వనే దిగుతం. నిన్ను తోల్కపోత."

"ఎంతసేపైతది?"

"గంట, గంటన్నర. రాయి విడిచి యాడికీ పోవద్దు. తొవ్వలు చీల్తయ్, తప్పిపోతవ్."

టీచరు తల ఊపింది. పెద్ద రాయి మీద సంచి పెట్టుకుని కూర్చుంది. కాంతమ్మ తన భుజానున్న నీళ్ల సీసా ఒకటి ఆమెకిచ్చి గబగబా పైకి ఎక్కింది.

గట్టు కొసన ఎప్పుడూ ఆమెకు భయమే, లోయను చూసి కాదు, ఫొటోలు దిగేవాళ్లను చూసి. కొత్త పెళ్లికొడుకు అంచు దాకా పోయి చేతులు చాచాడు. వాణ్ణి వెనక్కి లాగేసరికి టోపీ పిల్లలిద్దరూ ఇంకోవైపు వంగి చూస్తున్నారు. కింద బండకు కొండతేనె పట్లు వేలాడుతున్నాయి. వాళ్లలో ఒకడికి రాయి విసరబుద్ధయింది. విసిరాడు. తేనెటీగలు గుయ్యిమని లేచాయి.

"ఒర్లొద్దు, ఉరకొద్దు. నా ఎంట రండి" అన్నాడు శ్రవణ్. మామూలుగా వచ్చిన దారిన దిగాలి. ఆ దారి తేనెపట్ల మీదుగానే వంపు తిరుగుతుంది. అందుకని అందర్నీ పక్కకు తిప్పి కింది వాగు దారిన పెట్టాడు. అది చుట్టుదారి, వాగు వెంట దిగి ఊరి అవతల కలుస్తుంది. జనం కొంగులు, తువ్వాళ్లు తలలకు చుట్టుకుని దూరారు. కాంతమ్మ దారి మొదట నిలబడి ఒక్కొక్కరిని లోపలికి పంపింది. ఒక జోడి, రెండు, మూడు. ఎనిమిది జోడీలూ వచ్చాయి. వెనక ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని తానూ దిగింది. అంత గాబరాలోనూ లెక్క తప్పలేదని ఆమెకు తన మీద తనకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

గేటు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది.

"అందరొచ్చిండ్రా పెద్దమ్మ?" అన్నాడు శ్రవణ్.

"ఎనిమిది జోడీలు" అంది కాంతమ్మ.

శ్రవణ్ కాయితం మీద గీత గీసి జేబులో పెట్టుకున్నాడు.

నడక అయ్యాక భోజనం సంఘానిదే. చింతచెట్ల నీడన వంట చేసే ధనలక్ష్మి వరసగా విస్తళ్లు వేసింది. జొన్నరొట్టె, పుంటికూర, అన్నం. జనం తేనెటీగల కథ ఒకరికొకరు చెప్పుకుని నవ్వుతూ తింటున్నారు. కాంతమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని వడ్డిస్తూ పోతోంది.

"ఒక ఇస్తరాకు మిగిలిందేందే కాంతమ్మ" అంది ధనలక్ష్మి. "పదిహేడని శ్రవణ్ చెప్తేనే ఏసిన. ఎవలు తినలే?"

కాంతమ్మ వరస చివర చూసింది. ఖాళీ విస్తరి, దాని మీద గాలికి ఎగిరిపోకుండా పెట్టిన రాయి. ఒక్క క్షణం ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చెంబు ఎక్కడ దించిందో ఆమెకు తెలియదు.

శ్రవణ్‌ను గోడ వెనక్కి లాక్కుపోయి చెప్పింది. అతని మొహం పాలిపోయింది.

"నాకు చెప్పలేదేంది పెద్దమ్మ, కూసొపెట్టినవని?"

"యాడ చెప్పాలె. తేనెటీగలు లేసె."

"జోడీలంటివి గద. నేను పదిహేడే అనుకున్న." అతను జేబులోంచి కాయితం తీశాడు, మళ్లీ పెట్టేశాడు. "నేనుగూడ పేర్లు పిలువలే. నీ మాట మీద గీసిన." గోడ పక్కనుంచి తినేవాళ్ల వైపు చూశాడు. "ఎవలకు చెప్పకు. బస్సును పంపిస్త. నేను వాగు తొవ్వల చూస్త, ఒకవేళ మన ఎనక నడిచొచ్చిందేమో. నువ్వు పైకి పో."

కాంతమ్మ అప్పటికే నడుస్తోంది.

ఎండ నెత్తిమీదుంది. ఆకు రాలిన అడవిలో నీడ అనేదే లేదు. ఎప్పుడూ వెనకగా నిమ్మళంగా ఎక్కే దారిని ఆమె ఇవాళ నోటితో గాలి పీలుస్తూ ఎక్కింది. ఐదు గంటలు. గంట, గంటన్నర అని చెప్పి ఐదు గంటలు. ఇచ్చింది ఒక్క సీసా నీళ్లు. ఆ మోకాలితో ఎవరైనా ఎంతసేపు కూర్చుంటారు? లేస్తారు. లేచి నడుస్తారు. మూడు రాళ్ల దగ్గర దారులు మూడు. ఒకటి గేటుకు, ఒకటి గట్టుకు, ఒకటి నేరుగా లోయలోకి. ఆ మూడోదే చూడ్డానికి బాగుంటుంది.

దారిలో ఇప్పపూలు కనబడ్డాయి. పసుప్పచ్చగా, మెత్తగా, రాలి పడి ఉన్నాయి. ఆమె ఆగిపోయింది. ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంటి వస్తుందని ఈ చుట్టుపక్కల చంటిపిల్లలకు కూడా తెలుసు. మూడు రాళ్ల దగ్గర కూడా ఇప్పచెట్టు ఉంది. పొద్దున రాయి కూర్చోను బాగుందని చూసిందే కానీ పైన ఏం చెట్టుందో చూడలేదు. పొద్దు వాలితే గాని ఎలుగు రాదులే అని తనకు తానే చెప్పుకుంది. మొన్న మేస్త్రీ చెన్నయ్య కొడుకుకు పట్టపగలే కనబడిందన్న మాట ఆ వెంటనే గుర్తొచ్చింది. పరుగెత్తడం మొదలుపెట్టింది.

పని పోతుందన్న భయం లేదని కాదు. ఉంది. పోతే మళ్లీ లారీ ఎక్కాలి. కానీ ఆ మలుపు తిరుగుతున్నప్పుడు ఆమె దేవుణ్ణి అడిగింది పని కాదు. ఆ మనిషి రాయి మీద ఉండాలని అడిగింది.

రాయి మీద ఎవరూ లేరు.

పిలుద్దామని నోరు తెరిచింది. ఏమని పిలవాలో తెలియలేదు. ఆమె పేరు కాయితంలో ఉంది, కాయితం శ్రవణ్ జేబులో ఉంది. పొద్దుననగా వెంట నడిపించుకొచ్చిన మనిషి పేరు అడగలేదు. "టీచరమ్మా" అని అరిచింది. "ఓ టీచరమ్మా."

"గిక్కడున్న" అని రాయి వెనకనుంచి వినబడింది.

టీచరు రాతికి ఆనుకుని, కాళ్లు చాచి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మొహం ఎర్రగా కందింది. పెదాలు ఎండిపోయాయి. పక్కన ఖాళీ సీసా.

"ఎండ జరిగింది, నేను గూడ జరిగిన. రాయి చుట్టు తిరిగిన గని రాయిని విడువలే. నువ్వే గద యాడికీ పోవద్దన్నవ్" అంది.

కాంతమ్మ కూలబడింది. నీళ్లు తీసి ఇచ్చింది. టీచరు తొందరపడకుండా, గుటక గుటకకూ ఆగుతూ తాగింది. సీసా మూత బిగించి అడిగింది.

"మరిచిపోయినవా నన్ను?"

"లేదమ్మ" అంది కాంతమ్మ. "తేనెటీగలు లేసినయ్. తొవ్వ మారింది. అందుకే ఆలిశమైంది."

"గట్లనే అయ్యుంటదనుకున్న. పొద్దున నీళ్ల సీసా ఇచ్చిన మనిషి ఎట్ల మరుస్తదని ధైర్నం చెప్పుకున్న."

దిగుతున్నంతసేపూ టీచరు చేయి కాంతమ్మ భుజం మీదే ఉంది. ఆ చేయి బరువేమీ కాదు. కాంతమ్మే నలిగిపోయింది. నిజం చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లూ రాయి ఉంది, చూసి దిగమని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం శ్రవణ్ కాయితం పట్టుకుని ఇంటికొచ్చాడు. టీచరు ఆలస్యంగా దిగిన సంగతి నిరంజన్ సారుకు చేరిందట, రిపోర్టు రాయమన్నాడట. అరుగు మీద కూర్చుని చదివాడు: "సందర్శకురాలు సిబ్బంది సూచనలను పాటించకుండా గుంపును విడిచి వెళ్లినందున ఆలస్యము జరిగినది. సిబ్బంది తక్షణమే స్పందించి ఆమెను సురక్షితముగా తీసుకువచ్చినారు."

"అంటే?" అంది కాంతమ్మ.

"అంటే ఆమెదే తప్పని. ఆమె ఎట్లాగు అయిజకు పాయె. మల్ల వస్తదా ఏంది? నీ పనికి, నా పనికి ఏం కాదు. గిక్కడ సంతకం పెట్టు."

కాంతమ్మ పెన్ను పట్టుకుంది. ఆమెకు సంతకం పెట్టడం వచ్చు, వయోజన బడిలో నేర్చుకుంది. 'కాం' అని రాసి ఆగింది.

"రేపు ఆఫీసుల పెడ్త" అంది. "సార్ ముందట."

శ్రవణ్ ఆమె మొహంలోకి చూశాడు. "పెద్దమ్మ, మా ఇంట్ల సంపాదించెటోన్ని నేనొక్కన్నే" అన్నాడు. బెదిరింపేమీ లేదు అందులో. బతిమాలడమే ఉంది, అది ఇంకా కష్టంగా ఉంది.

అతను అటు వెళ్లాడో లేదో మేస్త్రీ చెన్నయ్య వచ్చాడు. ఎక్కడ ఎవరి పని ఊగుతోందో మేస్త్రీలకు వాసన తగులుతుంది కాబోలు.

"మంగళారం పుణెకు లారీ పోతుంది కాంతమ్మ. గీ అడివి పని ఏమాయె? పక్కానా?"

"రేపు తెలుస్తది."

"కాకుంటే రా. కని ముందుగాల్నే చెప్తున్న, నీ పెనిమిటి నాగప్ప పోయినంక నువ్వు ఒంటిదానివి. జోడి కింద పట్టలేను. వంటకు పెట్టుకుంట. తిండి నాది." తప్పేమీ అననట్టే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన దృష్టిలో అది దయే.

సోమవారం పొద్దున సంఘం ఆఫీసులో అడుగుపెట్టబోయి కాంతమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. నిరంజన్ ఎదురుగా కుర్చీలో టీచరు కూర్చుని ఉంది. అదే నేత చీర, ఒళ్లో అదే గుడ్డసంచి. శ్రవణ్ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

"రెబెకా మేడమ్ అయిజ నుంచి మొదటి బస్సుకే వచ్చిండ్రు" అన్నాడు నిరంజన్. ఆయన చెడ్డమనిషి కాదు. పైనుంచి ఎవరైనా అడుగుతారేమోనని ఎప్పుడూ గాబరాపడే మనిషి. "ఏం జరిగిందో తెలుసుకోవాలంట."

రెబెకా. కాంతమ్మ ఆ పేరు మనసులో ఒకసారి అనుకుంది.

నిరంజన్ రిపోర్టు పైకి చదివాడు. గుంపును విడిచి వెళ్లినందున అన్న మాట దగ్గర టీచరు చేతులు సంచి మీద బిగుసుకున్నాయి.

"నేను విడిచి పోలే సార్" అంది. "ముప్పై ఏండ్ల సంది పిల్లలకు చెప్పిన మాట వినుమని చెప్తున్న. నేను వినకుంట ఉంటనా? కూసొమంటే కూసున్న. గింతదాక ఎవల మీద ఫిర్యాదు చెయ్యాల్నని రాలే. నన్ను తప్పుబట్టిండ్రని ఇప్పుడే తెల్సింది." కాంతమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నేను విడిచి పోయిన్నా?"

శ్రవణ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. కాంతమ్మకు మంగళవారం లారీ కనబడింది, దాని వెనక వంటగిన్నెలు కనబడ్డాయి.

"పోలే సార్" అంది. "నేనే కూసొపెట్టిన. మల్ల నేనే మరిచిన. తొవ్వ మారుడు కాదు టీచరమ్మ, నీకు ఆ పొద్దు అబద్ధం చెప్పిన. మరిచిన."

"లెక్కపెట్టలేదా?" అన్నాడు నిరంజన్.

"పెట్టిన. జోడీలు లెక్కపెట్టిన. ఎనిమిది జోడీలు సరిగ్గ వచ్చినయ్. ఈమెకు జోడి లేదు. లెక్కల పడలే. నా మొగుడు పోయినంక రెండేండ్లు నేనుగూడ గట్లనే లారీ ఎక్కిన. మేస్త్రీ అందర్ని లెక్కపెట్టెటోడు, నన్ను విడిచిపెట్టెటోడు. ఒకపారి షోలాపూర్‌ల టీ తాగుదామని దిగితే లారీ పోయింది. లెక్క సరిపోయిందంట. ఎట్లుంటదో నాకెర్కనే సార్. ఎర్కుండి గూడ గట్లనే చేసిన."

శ్రవణ్ కిటికీ వదిలి ఇటు తిరిగాడు. "నేను పేర్లు పిలువలే సార్. రిపోర్టు నేనే రాసిన" అన్నాడు నేల చూపులు చూస్తూ.

నిరంజన్ కాయితాన్ని నిలువునా చించాడు. ఆశ్చర్యంగా, ఆయన మొహం తేలికపడింది. సమస్య ఏమిటో దొరికిన మనిషి మొహం అది.

"నిజం చెప్పినవ్ కాంతమ్మ. నీ పని యాడికీ పోదు, ఇయ్యాల్టి సంది పక్కా. శ్రవణ్, ఇగనుంచి పేర్లు పిలువాలె." టీచరుకు చేతులు జోడించాడు. "మేడమ్, క్షమించుండ్రి. మల్ల గిట్ల కాకుంట చేస్త." పెన్ను తీశాడు. "గేటు కాడ బోర్డు పెడదాం. ఒంటరిగ వచ్చినోల్లకు ప్రవేశం లేదు. జోడీగనో గుంపుగనో వస్తెనే పంపాలె. గప్పుడు ఎవలు మిగులరు, ఎవలకు పరేషాన్ ఉండది. కాంతమ్మ, గేటు కాడ నిలబడి నువ్వే చూస్కో."

పని పక్కా అన్న మాటకు కాంతమ్మ ఒళ్లంతా సంతోషంతో వదులైంది. అబద్ధమెందుకు, ఆ సంతోషంలో తర్వాతి మాటలు ఆమె సగమే విన్నది. సగం విన్న మాటలు టీచరును చూశాక పూర్తిగా వినబడ్డాయి. టీచరు సంచి భుజానికి తగిలించుకుని, కుర్చీ చేతిని ఆసరా పట్టుకుని, మోకాలు జాగ్రత్తగా నిలబెట్టుకుంటూ లేచింది.

ఊరుకుంటే సరిపోయేది. చెన్నయ్యకు రానని చెప్పి ఇంటికి పోయి నిమ్మళంగా అన్నం తినేది.

"గట్లయితె నన్ను గూడ పంపొద్దు సార్" అంది కాంతమ్మ.

"ఏంది?"

"అడివిలకు. నేను గూడ ఒక్కదాన్నే."

నిరంజన్ పెన్ను కాయితం మీదే ఆగింది. నవ్వాలా కోప్పడాలా తెలియనట్టు ఆమె వైపు చూశాడు. కాంతమ్మ కళ్లు దించుకోలేదు.

తలుపు దాకా పోయిన టీచరు వెనక్కి వచ్చింది. కూర్చోలేదు. శ్రవణ్ ముందు నిలబడింది.

"బాబూ, శనివారానికి నా పేరు రాసుకో. నది చూడకుంటనే పోయిన. ఈపారి జర నిమ్మళంగ ఎక్కుత. రెబెకా. ఒక్కదాన్నే."

శ్రవణ్ నిరంజన్ వైపు చూశాడు. నిరంజన్ బల్ల మీది కాయితాలు సర్దుకుంటున్నాడు. అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. శ్రవణ్ రిజిస్టరు తెరిచి, కొత్త పేజీ తిప్పి, మొదటి వరసలో ఆ పేరు రాశాడు.